వీపులు చూపిన బ్యాండు

మా కాన్వెంటు బ్యాండులో పెద్ద డ్రమ్ము నాది. సంగీతజ్ఞానం వల్ల దక్కిన స్థానం కాదు. ఆ డ్రమ్మును మెడకు తగిలించుకున్న తరువాత దాని పై అంచు మీదుగా ఎదుటి మనిషిని చూడగలిగినంత ఎత్తు ఉన్న పిల్ల బడి మొత్తంలో నేనొక్కదాన్నే. మా నాన్న సత్తెనపల్లి దగ్గర మిరప, పత్తి పండించేవారు. ఆరో తరగతి నుంచీ నేను గుంటూరులోని ఆ బడి హాస్టల్లోనే ఉన్నాను. బడి నడిపే సిస్టర్ల మఠానికి మూలస్థానం ఇటలీలో ఉండేది. అక్కడి కొన్ని చిన్న ఊళ్ళవాళ్ళు కలిసి పెట్టుకున్న ఒక సహాయ సంఘం మా తరగతి గదులకూ బల్లలకూ డబ్బు పంపేది. నేను తొమ్మిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ సంఘమే మా బ్యాండును పిలిచింది. మూడు ఊళ్ళలో మూడు ప్రదర్శనలు. ప్రయాణం ఖర్చు వాళ్ళది.

మాకు బ్యాండు నేర్పిన మాస్టారు పెళ్ళి మేళం మనిషి. బ్రాడీపేటలో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక చిన్న గది ఆయన మేళానికి ఆఫీసు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం బడికి వచ్చేవారు. మాఘంలోనూ వైశాఖంలోనూ ముహూర్తాలున్న రోజుల్లో రారు. ఆ సంగతి మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కు తెలుసు, ఆమె అడిగేవారు కాదు.

ఆయన బోధనలో కాగితం లేదు. క్లారినెట్ పట్టుకుని తాను మధ్యలో నిలబడేవారు. మేం ఇరవై ఇద్దరం ఆయన వైపు తిరిగి చుట్టూ గుండ్రంగా నిలబడేవాళ్ళం. క్లారినెట్ కొన పైకి లేస్తే పాట మొదలు. కనుబొమలు లేస్తే చరణం. మోకాలు కొంచెం వంగితే ముగింపు దగ్గర పడినట్టు. వినేవాళ్ళకు మా వీపులు తప్ప ఏమీ కనిపించేవి కావు, దాన్ని ఎవరూ లోపంగా అనుకోలేదు. ఊరేగింపుల్లో ఆయన ముందు నడిచేవారు. నాలుగు దారులు కలిసే సెంటర్ రాగానే క్లారినెట్ పైకెత్తితే మేం నడక ఆపి గుండ్రం కట్టేవాళ్ళం. ఒక పాట పూర్తిగా వాయించాకే మళ్ళీ కదలడం. మా వైపు ఊరేగింపు దేవుడిదైనా, పెళ్ళికొడుకుదైనా, మా బడి మేరీమాతదైనా, సెంటర్లో ఆగకుండా ముందుకు పోదు.

ఆ ఏడాది మాస్టారి పై వరసలో ముందు పన్ను కదలడం మొదలైంది. క్లారినెట్ మూతి మీద ఆనేది ఆ పన్నే. పాటకీ పాటకీ మధ్య నాలుకతో దాన్ని లోపలికి నొక్కుకునేవారు.

"ఇది ఉన్నన్నాళ్ళే నా మేళం, అమ్మాయ్," అని ఒకసారి నాతో మామూలుగా అన్నారు.

ప్రయాణానికి ముందు సిస్టర్ అభ్యాసం మధ్యలో వచ్చి, మా అందరి ముందే ఆయనతో విషయం చెప్పారు. సంఘం అధ్యక్షుడు మూడు ప్రదర్శనలకూ స్వయంగా వస్తారు. ఆయనకు నచ్చితే బడిలో పూర్తికాలపు సంగీతం ఉపాధ్యాయుడి జీతం సంఘమే భరించేటట్టు ఆమె ఉత్తరాలు రాసి ఉన్నారు.

"మిమ్మల్ని మనసులో పెట్టుకునే రాశాను మాస్టారూ. పన్ను ఊడినా పాఠం చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చండి," అన్నారు మాస్టారు. ఆ వేసవి పెళ్ళిళ్ళన్నిటినీ తమ్ముడి కొడుక్కి అప్పగించి ఆయన మాతో బయలుదేరారు.

ఒక మార్పు మాత్రం చేయవలసి వచ్చింది. సిస్టర్ కొన్నేళ్ళు ఇటలీలో చదువుకున్నారు. అక్కడ బ్యాండు వేదిక మీద వరసల్లో ఉంటుందనీ, మాస్టరు ఎదురుగా నిలబడి పుల్లతో తాళం చూపిస్తాడనీ, వాద్యం ముట్టుకోడనీ చెప్పారు. వడ్రంగి చేత ఒక టేకు పుల్ల చెక్కించి తెల్లరంగు వేయించారు. మాస్టారు దానితో నెల రోజులు సాధన చేశారు.

"జొన్నచేలో పిట్టల్ని తోలుతున్నట్టుందండీ మాస్టారూ," అంది తాళాలు వాయించే పిల్ల.

"నోర్ముయ్యవే. ఉద్యోగం రానీ, తోలేది మిమ్మల్నే."

మొదటి ఊరు ఒక గుట్ట మీద ఉంది. ఊరి మధ్య రాతిపలకలు పరిచిన చదునైన మైదానం, దానికి ఒక చివర మా వేదిక, రెండో చివర చర్చి గోడ. సంఘం అధ్యక్షుడు ముందు వరసలో కూర్చున్నారు. భూముల సర్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. మోకాలు సరిగా వంగదు, చేతికర్ర ఉంది, ఒకసారి కూర్చుంటే లేవడం కష్టమని సిస్టర్ చెప్పారు.

మాస్టారు పుల్ల ఎత్తారు. నేను డ్రమ్ము కొట్టాను. కొట్టిన దెబ్బ నాకు రెండుసార్లు వినిపించింది.

తరువాతి కాలంలో యంత్రాల కంపనాలు కొలవడం నా వృత్తి అయింది. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లుల్లో పనిచేస్తున్న రోజుల్లో ఆనాటి లెక్క ఒకసారి వేసి చూశాను. గోడ సుమారు నలభై మీటర్ల దూరంలో ఉంది. శబ్దం అక్కడికి పోయి తిరిగి రావడానికి సెకనులో పావు వంతు కొంచెం తక్కువగా పడుతుంది. మా పాట నడకలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. అంటే గోడ పంపిన ప్రతి దెబ్బా నా రెండు దెబ్బలకు దాదాపు సరిగ్గా మధ్యన వచ్చి పడింది. అది ప్రతిధ్వనిలా వినిపించలేదు, ఇంకో మనిషి ఇంకో డ్రమ్ము వాయిస్తున్నట్టు వినిపించింది. సైడ్ డ్రమ్ముల పిల్లల్లో సగం మంది నన్ను, సగం మంది గోడను అనుసరించారు. పుల్లను చూడాలన్న అలవాటు మాలో ఎవరికీ లేదు. ఇక మాస్టారి చేయి మమ్మల్ని నడపడం మాని, మా వెంట పడింది. మూడో పాటకు ట్రంపెట్లు ఒక ఆవర్తం ముందే ముగించి, ఏం చేయాలో తెలియక నిలబడ్డాయి.

చప్పట్లు మర్యాదగా, క్లుప్తంగా వచ్చాయి. అధ్యక్షుడు మమ్మల్ని కాక చర్చి గడియారాన్ని చూస్తున్నారు.

బస్సులో సిస్టర్ మాస్టారి పక్క సీట్లో కూర్చుని, "పుల్ల ఇంకొంచెం గట్టిగా ఊపాలేమో మాస్టారూ," అన్నారు.

"గట్టిగానే ఊపానండి. భుజం పట్టేసింది."

రెండో ఊళ్ళో వేదిక లేదు. అది ఆ ఊరి పునీతుడి పండుగ. ఆయన విగ్రహాన్ని ఎనిమిది మంది మగవాళ్ళు భుజాల మీద మోస్తారు, వారి ముందు మేం నడవాలి. నడుస్తూ పుల్ల ఊపడం కుదరదు కనుక మాస్టారు క్లారినెట్ తీసుకున్నారు. వీధులు ఇరుకు, రెండు పక్కలా కిటికీల్లోంచి జనం. ఆ ఊరి వంపుల్లో మా నడక కొంచెం కూడా చెదరలేదు. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా నాలుగు దారులు కలిసిన చోటు వచ్చింది. మూల మీద కాఫీ హోటలు, బయట వేసిన కుర్చీల్లో అధ్యక్షుడు, ఆయన చుట్టూ ఊరి పెద్దలు.

మాస్టారి క్లారినెట్ పైకి లేచింది. మేం గుండ్రం కట్టాం. మాలో ఎవరికీ సందేహం రాలేదు.

మోహనరాగంలో ఆయన స్వయంగా కట్టిన ఒక వరస అందుకున్నాం. మా వెనక ఊరేగింపు మొత్తం నిలిచిపోయింది. మా వైపు దేవుణ్ణి మోసేవాళ్ళ చేతుల్లో పంగలకర్రలు ఉంటాయి. ఆగినప్పుడు బరువును వాటి మీద ఆనిస్తారు. ఆ ఊళ్ళో ఊరేగింపు బయలుదేరిన చోటు నుంచి చర్చి దాకా ఆగదు గనుక వాళ్ళ దగ్గర కర్రలు లేవు. ఎనిమిది మందీ ఎర్రబడిన ముఖాలతో విగ్రహాన్ని మోస్తూ అక్కడే నిలబడ్డారు.

సిస్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "మాస్టారూ! ఆపకండి! నడవండి, నడవండి!"

మాస్టారి నోట్లో క్లారినెట్ ఉంది. పాట చరణంలో ఉంది. పల్లవికి తిరిగి రాకుండా వదిలేయడం ఆయనకు చేతకాదు. కనుబొమలతోనే ఆమెకు ఆగమని చెప్పి, పల్లవి వాయించి, మోకాలు వంచి ముగించారు. అప్పుడు నడిచాం. జనం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. మోసేవాళ్ళు ఏమన్నారో తెలియదు, నాకు భాష రాదు, కానీ సిస్టర్ చెవులు మూసుకోవడం చూశాను.

రాత్రి భోజనాల దగ్గర అధ్యక్షుడు ఒక ప్రశ్న అడిగారు. సిస్టర్ దాన్ని తెలుగులో చెప్పారు. "పిల్లల్ని అక్కడ ఆగమని ఎవరు చెప్పారని అడుగుతున్నారు."

మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తప్పు తన మీదికి రాకుండా చూసుకున్నారో, నిజంగా అలాగే అనుకున్నారో నేను చెప్పలేను.

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. నాలుగు దారులు వస్తే వాళ్ళ కాళ్ళే ఆగుతాయి. ఆగకపోతే ఆ మూల ఇళ్ళవాళ్ళు ఊరుకుంటారా? మా ముందు వాయించలేదేమని గొడవ పెట్టుకోరూ?"

సిస్టర్ దాన్ని అనువదించారు. ఆయన చెప్పినదానికి మూడింతలు మాట్లాడారు. అధ్యక్షుడు తల ఊపి, మా అమ్మాయిల బల్ల వైపు చాలాసేపు చూశారు.

మూడో ఊరు చివరి అవకాశం. అక్కడా రాతి మైదానం, అక్కడా వేదిక, అక్కడా ఎదురుగా గోడ. మధ్యాహ్నం మమ్మల్ని వేదిక మీద వరసల్లో నిలబెట్టి చూసుకుంటుండగా మాస్టారు పుల్లను జేబులో పెట్టుకుని సిస్టర్ దగ్గరికి నడిచారు.

"సిస్టర్‌గారూ, నాకు పుల్ల చేతకాదండి. కిందికి దిగి మన పద్ధతిలో వాయిస్తాం."

"వాళ్ళకి మీ వీపులు కనిపిస్తాయి మాస్టారూ!"

"వినడానికే కదండీ పిలిచారు."

"ఉద్యోగం మీది. మీ ఇష్టం," అన్నారు సిస్టర్.

సాయంత్రం వేదిక ఖాళీగా ఉంది. మేం దాని ముందు నేల మీద, కుర్చీలకు బాగా దగ్గరగా గుండ్రం కట్టాం. మధ్యలో మాస్టారు. పన్నును ఒకసారి నాలుకతో నొక్కుకుని క్లారినెట్ ఎత్తారు. గోడ దాని పని అది చేస్తూనే ఉంది. కానీ పక్కపిల్ల డ్రమ్ము చెవికి రెండు మూరల దూరంలో మోగుతున్నప్పుడు గోడ మాట ఎవరూ వినరు. పైగా మా అందరి కళ్ళూ ఒకే జత కనుబొమల మీద ఉన్నాయి. అంతకుముందు గానీ ఆ తరువాత గానీ మేం అంత బాగా వాయించిన గుర్తు లేదు. రెండో పాటకే వెనక కుర్చీల జనం లేచి వచ్చి మా చుట్టూ ఇంకో గుండ్రం కట్టారు. మూడో పాటకు దాని చుట్టూ మరొకటి. మా ఊళ్ళల్లో జరిగేది కూడా అదే. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప. లేవలేని పెద్దాయన అందులో కూర్చుని, మనుషుల వీపుల అవతలి నుంచి వచ్చే పాటను చివరిదాకా విన్నారు.

ముగిశాక ఆయన కళ్ళు తుడుచుకోవడం మాలో ఇద్దరు చూశారు. హోటలుకు నడుస్తూ తాళాల పిల్ల మాస్టారి చేయి పట్టుకుంది. "మాస్టారూ, ఇంక మీకు నెలజీతమే! మాకు పార్టీ ఇవ్వాలండోయ్."

"ముందు మూటలు సర్దుకోవే," అన్నారు ఆయన. కానీ నవ్వుతున్నారు.

మర్నాడు బస్సు దగ్గరికి అధ్యక్షుడు వచ్చి తన నిర్ణయం చెప్పారు. సిస్టర్ మధ్యలో రెండుసార్లు అడ్డుపడి, మాస్టారిని చూపిస్తూ ఏదో వివరించారు. ఆయన మాస్టారికి ఆప్యాయంగా చేయి కలిపి, మళ్ళీ తన మాటే చెప్పారు. బస్సు కదిలాక సిస్టర్ మాకు అది తెలుగులో చెప్పారు. మాస్టారి వైపు చూడకుండా చెప్పారు.

మొదటి ఊళ్ళో ఒక మనిషి ముందు నిలబడి నడిపించాడు, పిల్లలు తడబడ్డారు. రెండో ఊళ్ళో ఎవరూ చెప్పకుండా తమంతట తాము ఆగి వాయించారు, బాగా వాయించారు. మూడో ఊళ్ళో ముందు ఎవరూ లేరు, అద్భుతంగా వాయించారు. ఈ పిల్లలకు నడిపించేవాళ్ళు అక్కర్లేదు, కావలసింది మంచి వాద్యాలు. జీతానికి అనుకున్న డబ్బుతో సంఘం కొత్త వాద్యాలు కొని పంపుతుంది.

"మధ్యలో క్లారినెట్ వాయించింది మీరేనని చెప్పాను మాస్టారూ. క్లారినెట్ చాలా బాగుందన్నారు."

"సంతోషమండి," అన్నారు మాస్టారు.

ఆ పెద్దాయన కొలతల మనిషి. తనకు కనిపించిన మూడు సందర్భాల నుంచి ఆయన తీసిన ఫలితంలో తర్కం తప్పు లేదు. ఆయన కుర్చీ ఉన్న చోటు నుంచి గుండ్రం మధ్యభాగం కనిపించదు, అంతే.

దసరా సెలవులు అయ్యాక వాద్యాల పెట్టెలు ఓడలో వచ్చాయి. బుధవారం సాయంత్రం మాస్టారు వాటిని స్వయంగా విప్పారు. అప్పటికి ఆయన ముందు పన్ను లేదు. డ్రమ్మును వేలితో తట్టి చూసి, "తోలు కాదే, ప్లాస్టిక్కు. వానకి శ్రుతి దిగదు. మంచిదే," అన్నారు. కొత్త క్లారినెట్ నోట పెట్టుకుని, పై పెదవిని కూడా లోపలికి మడిచి ఊదారు. స్వరం నిలవడానికి కొంత సమయం పట్టింది, కానీ నిలిచింది. దాన్ని తుడిచి క్లారినెట్ పిల్లకు ఇచ్చేసి, తన పాతది తీసుకున్నారు.

సిస్టర్ వరండాలో నిలబడి చూస్తున్నారు.

"ఈ ఏడు కూడా సోమ, బుధ, శుక్రేనాండీ?" అని అడిగారు మాస్టారు.

"అవును మాస్టారూ."

"మాఘంలో రాలేనండి."

"తెలుసు మాస్టారూ."

ఆయన మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. మేం చుట్టూ చేరాం. కొత్త డ్రమ్ము పాతదాని కంటే వెడల్పు. దాని పై అంచు మీదుగా ఆయన ముఖం చూడాలంటే నేను మునివేళ్ళ మీద లేవవలసి వచ్చింది.