ఇంగువ డబ్బా

సాంబారు పోపులో ఇంగువ ఘుమాయిస్తే అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం అనసూయక్క గుర్తొస్తుంది. ఈ ఉదయం శంషాబాద్ విమానాశ్రయంలో మా సరుకుల విభాగం క్యాంటీన్‌లోకి అడుగుపెట్టగానే అదే వాసన. అక్క కొత్వాల్‌గూడ రైతుల ఇంటి ఆడబిడ్డ, నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా షిఫ్టు ఇన్‌చార్జి.

నాకు గోధుమ పడదని అప్పుడే ఆస్పత్రిలో తేలింది. చిటికెడు పిండి కడుపులో పడినా మంచం పట్టేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొత్త పిల్ల అప్పుడే తిండికి వంకలు పెడుతోందంటారని భయం. రోజూ ఇడ్లీ సాంబారుతో సరిపెట్టుకున్నాను. అయినా జబ్బు తగ్గలేదు. సెలవులు పెరిగిపోయి, ఇంకోసారి మానేస్తే ఉద్యోగం ఉండదని పైవాళ్ళు తేల్చి చెప్పారు. అప్పుడు పిలిచింది అక్క.

“ఏమైంది పిల్లా? గిట్ల ఎండిపోతున్నవేంది?”

ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆమె ఓదార్చలేదు. “నాకు గూడ గదే జబ్బు. ఏడ్సుడు బంద్ చేసి నడువు,” అని కౌంటర్ దగ్గరికి లాక్కుపోయింది.

భోజనాల వేళ, మా వెనక పెద్ద వరుస. “అన్నా, ఈ పిల్లకు గోధుమ పడదు. సాంబార్ల ఏసే ఇంగువ డబ్బా జర చూపియ్యి,” అంది.

కౌంటర్ అన్న నవ్వాడు. “ఇడ్లీల గోధుమ యాడుంటదక్కా?”

“ఇడ్లీల లేదు. ఇంగువల కలుపుతరు.”

డబ్బా మీద చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది. నేను పథ్యమనుకుని తిన్నది ఇదన్నమాట. ఒళ్ళు మండింది. ఇంతలో వెనక ఎవరో “జల్దీ కానియ్యుండ్రి” అని గొణిగారు. పక్కకు జరగబోతే అక్క భుజం పట్టి ఆపింది.

“ఆళ్ళకు తిండి జర ఆలస్యమైతది, గంతే. నువ్వు దవాఖానల పడ్తవ్. నిలబడు.”

ఆ రోజు నుంచి అన్నీ నాతోనే అడిగించింది. పెనం మీద చపాతీలు కాల్చారా, పూరీల నూనెలోనే వడలు వేశారా అని. గొంతు తగ్గిస్తే “ఇనవడ్తలేదు” అనేది, మళ్ళీ అడగాల్సిందే. సరైన జవాబు రాకపోతే ఆమె ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెలే ఇద్దరికీ భోజనం. ఆమె జాలిపడి ఊరుకుని ఉంటే నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చునేదాన్ని.

నిరుడు అక్క బదిలీ అయి వెళ్ళిపోయింది. ఈ ఉదయం కౌంటర్‌లో కొత్తతను, చపాతీ తీసిన పెనం మీదే నా దోసె పోయబోయాడు.

“ఆగన్నా. పెనం తోమి, వేరే అట్లకాడతోటి ఎయ్యి.”

“లైన్ చూడున్రి మేడం, ఎంతమందున్నరో.”

వెనక ఎవరో నిట్టూర్చారు. కాళ్ళు పాత అలవాటు కొద్దీ పక్కకు జరగబోయాయి. భుజం మీద అక్క చెయ్యి ఉన్నట్టే అనిపించింది.

“తోమినంకనే ఎయ్యి. నేను ఈడనే ఉంట.”

అతను ముఖం ముడుచుకున్నాడు గానీ పెనం తోమాడు. దోసె ప్లేటులో పెట్టి, సాంబారు గరిటె ఎత్తాడు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఒట్టి దోసె వేడివేడిగా కడుపునిండా తిని డ్యూటీకి వెళ్ళాను.