బానెట్ మీద చెయ్యి

పాత కారు బానెట్ మీద చెయ్యి వేసి దాని జాతకం చెప్పగలవాణ్ణి, కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా నేనొక్కణ్ణే. సరే, ఆ విద్య నాది కాదు. నేనూ మా ఆవిడా విరుదునగర్‌లో ఒక కారు చూడటానికి బస్సులో పోతుంటే, చుట్టూ తమిళం మధ్య మా తెలుగు విని పక్క సీటు ముసలామె చెప్పింది. "అన్నా, బానెట్టు సల్లగా ఉండాల. కాలతా ఉంటే, మీరొచ్చేలోపలే స్టార్టు చేసి దాని దగ్గు మాన్పినారని అర్తం."

ఆమె సాత్తూరులో దిగిపోయింది. మేం చూడబోయిన కారు బానెట్ పెనంలా కాలింది. దాన్ని వదిలేసి, తర్వాత చల్లగా ఉన్న ఇంకో కారు కొన్నాను. ఇప్పటికీ తాళం ఒక్క తిప్పుకే పలుకుతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పాలని, కారు ఇంట్లో పెట్టి నెలకోసారి ఆ బస్సే ఎక్కుతాను. సాత్తూరులో దిగే ముసలమ్మలందరి మొహాలూ చూస్తాను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఆమె 'అక్కా' అని నాకు చెప్పింది, నేను మీకు చెప్తిని. మీరు నోరు తెరుచుకోని నిద్ర పోతా ఉంటిరి. మొగమే చూడని మనిషిని ఎట్ల వెతుకుతారు?"