నడుమ చీకటి ఉన్న ఫొటోలు

రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఆఫీసు టవర్‌లో నాకు రెండో ఉద్యోగం దొరికింది. అంతకుముందు బ్యాంకు యాప్‌లకు కోడ్ రాసేదాన్ని. ఇక్కడ ఎలుక పిండాల ఫొటోలతో పని. నాలుగు రోజుల పిండాలు, ఇసుక రేణువంత కూడా ఉండవు. మన జుట్టులో, గోళ్లలో ఉండే కెరటిన్ జాతి పోగులు పిండంలో మొదట ఏ కణాల్లో పుడతాయో మా ల్యాబ్ చూస్తుంది. కెరటిన్ ఉన్నచోట ఆకుపచ్చగా వెలిగే రంగు వేసి, మైక్రోస్కోప్ కింద ఫొటో తీస్తారు. బాగా రాని ఫొటోలను ఏరివేసే ప్రోగ్రామ్ నేను రాయాలి.

వారం రోజులు కూర్చుని రాశాను. శుక్రవారం మధ్యాహ్నం నడిపిస్తే, రెండు తప్ప అన్ని ఫొటోలూ పనికిరావని తేల్చింది. తెరిచి చూశాను. ప్రతిదాంట్లోనూ చుట్టూ ఆకుపచ్చ వల, లోపల చీకటి ముద్ద. ఆ పిండాలకు రంగు వేసింది మా మేడం. కోస్తా మనిషి, నెమ్మదస్తురాలు. నెల రోజులు పడ్డ కష్టం.

"మేడం, ఫొటోలన్నీ ఖరాబైనయి. రంగు లోపలికి పోలే," అన్నాను ఎలాగో.

ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి స్క్రీన్ మీదికి వంగారు. కాసేపు చూసి పకపకా నవ్వారు.

"ఖరాబు కాదండీ, ఇవే మంచివి!"

"నడుమ నల్లగుంది కదా?"

"ఉండాలండీ. తల్లి గర్భానికి అతుక్కునేది బయటి పొరే. అందుకే ముందు అది పోగులు అల్లుకుంటుంది. లోపలి ముద్ద ఎలుకపిల్ల అవుతుంది. దాంట్లో కెరటిన్ జన్యువులు ఇంకా పని మొదలుపెట్టలేదు."

"మరి రంగే పోలేదేమో అని ఎట్ల తెలుస్తది?"

"మంచి ప్రశ్న. రండి."

మైక్రోస్కోప్ గదిలో అదే పిండాన్ని చూపిస్తూ ఒక మీట నొక్కారు. ఆకుపచ్చ పోయి, లోపలి ముద్ద ఎర్రగా వెలిగింది. లోపలి కణాలకే అంటుకునే ఇంకో రంగట అది. అది లోపలిదాకా వెళ్లిందంటే ఆకుపచ్చ రంగుకూ దారి ఉన్నట్టే. నాలుగు రోజులకే ఆ కణాలు ఎవరి పని ఏమిటో పంచుకున్నాయి!

"ఇంతకీ మీ ప్రోగ్రామ్‌కు నచ్చిన ఆ రెండూ ఏవండీ?"

చూపించాను. రెండూ చనిపోయిన పిండాలట. రంగు ఎక్కడపడితే అక్కడ అంటుకుని, మొత్తం పచ్చగా మెరుస్తున్నాయి. ఈసారి ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రానికి కోడ్ సరిచేశాను. మర్నాడు సెలవు. అయినా లింగంపల్లి నుంచి పదింటికల్లా వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఫోకస్ తిప్పే పని నాకే ఇచ్చారు. లెన్స్‌ను గాజు పలకకు తగిలించబోయిన ప్రతిసారీ "మెల్లగా అండీ, మెల్లగా" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు.