నీళ్ళ ట్యూబులో గీత

మేడమ్ పోయారని మా ఆఖరి చెల్లెలు పడమటి తీరంలోని బాతెల్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారన్నాను. ల్యాబ్‌లో తనతో చదివినవాళ్ళు మెసేజ్ పెట్టారంది. వాళ్ళకెవరు చెప్పారన్నాను. చెల్లెలు, "అక్కా, మేడమ్ ఉంటే నిన్ను మెచ్చుకునేవారు" అంది. సాయంత్రం మేడమ్ గారబ్బాయి నోటే విన్నాక దేవుడి ముందు కూర్చున్నాను.

ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి ఆవిడ తెలుసు. డెబ్బైల్లో అమెరికా వచ్చి, న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ బయోటెక్నాలజీ ల్యాబ్‌లో పని నేర్పుతూ రిటైరయ్యారు. పిల్లలకి ఆంటీ, మాకు మేడమ్. కాఫీ ఎలా ఉందని అడిగితే, ఒక్క గుక్కకే ఎలా చెప్పమంటారు అనేవారు. పాలడబ్బా మీద తేదీ చూసి, ఆ తర్వాత వాసన కూడా చూసేవారు. పార్టీల్లో ఎవరైనా ఫలానా వాళ్ళమ్మాయి గురించి ఏదో చెప్పబోతే, "మీరు చూశారా, అనుకున్నారా?" అని అడిగేవారు. మాట అక్కడితో తెగిపోయేది. సోఫాలో ఆవిడ పక్కచోటు తరచుగా ఖాళీగా ఉండేది.

జబ్బు పడ్డాక హాస్పిటల్‌కి ప్రసాదం పట్టుకెళ్ళాను. గుళ్ళో ఆవిడ పేరున పూజ చేయించానని చెప్పాను.

"పక్క మంచం ఆవిడకి చేయించారా?"

లేదన్నాను.

"మరి తేడా ఎలా తెలుస్తుందండీ, టీచర్ గారూ?"

నవ్వారో లేదో తెలియలేదు. మరుసటి వారం ఇద్దరి పేర్లూ చదివించాను.

నేను ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పిల్లల చేత డీఎన్‌ఏ బొమ్మ ఎన్నోసార్లు గీయించాను గాని, నా చేత్తో దాన్ని ఏ రోజూ తీసి చూడలేదు. మేడమ్ పనిచేసే రోజుల్లో ఆ యూనివర్సిటీ వేసవిలో ఒక కోర్సు పెట్టేది, ల్యాబ్ పని ఆవిడే నేర్పేవారు. మాస్టర్స్ చదివే పిల్లలూ, నాలాంటి స్కూలు టీచర్లూ జోడీలుగా ఒకే బల్ల దగ్గర పని చేయాలి. వాళ్ళకి గ్రేడు, మాకు సర్టిఫికెట్. నేను చేరిన ఏడాది మా చెల్లెలూ అందులో ఉంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చింది. ఆ కోర్సులో బి గ్రేడు రాకపోతే, ఫీజుకి ఆధారమైన అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే చదువు ఆగిపోతుంది, ఇండియాకి వెనక్కి వెళ్ళాల్సిందే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, మేడమ్‌కీ తెలుసు.

మొదటి రోజే మేడమ్ మమ్మల్ని వేరే బల్లలకి విడదీశారు. అక్కాచెల్లెళ్ళు ఒకరి తప్పు ఒకరు కప్పిపెడతారని అందరి ముందూ ఇంగ్లీషులో అన్నారు. నాకది గుచ్చుకుంది. మనవాళ్ళ దగ్గర మరీ గట్టిగా ఉంటేనే తెల్లవాళ్ళ దగ్గర మంచిపేరు వస్తుందనుకునే మనుషుల్ని నేను చూశాను. ఈవిడా ఆ బాపతే అనిపించింది.

పని చెప్పడానికి సులువే. మొక్కజొన్న చిప్సో, టోఫూనో, బొప్పాయి ముక్కో తెచ్చి దాన్లోంచి డీఎన్‌ఏ తీయాలి. పిపెట్‌తో చుక్క తీసి బుల్లి ట్యూబులో వేసి, లక్షల కాపీలు చేసే యంత్రంలో పెట్టాలి. తర్వాత దాన్ని జెల్‌లో కరెంటుతో నడిపించి ప్రత్యేకమైన లైటు కింద చూస్తే, మొక్క డీఎన్‌ఏ ఉన్న వరుసలో ఒక గీత మెరుస్తుంది. వీటి పక్కన ఒక ట్యూబులో ఉత్త నీళ్ళు వేయాలి. ఆ వరుసలో గీత రాకూడదు. వచ్చిందంటే బయటి డీఎన్‌ఏ ఏదో కలిసినట్టే, మిగతా గీతల్లో దేన్నీ నమ్మడానికి లేదు. ముందు నీళ్ళనడుగు, తర్వాత మిగతావాటినడుగు అని మేడమ్ రోజూ చెప్పేవారు.

మా చెల్లెలి నీళ్ళలో గీత వచ్చింది.

మళ్ళీ చేసింది. మళ్ళీ వచ్చింది. ఆమె జోడీ ఒక కెమిస్ట్రీ టీచరు. అదే సీసాలోని నీళ్ళు ఆయన వేస్తే శుభ్రంగా ఉన్నాయి. కోర్సు డైరెక్టర్ వచ్చి జెల్ ఫొటోలు చూశాడు. చెల్లెల్ని ఒక్క మాటైనా అడగకుండా మేడమ్‌ని తన గదిలోకి పిలిచాడు. అద్దం తలుపు వెనక ఆయన ఏదో అడుగుతున్నాడు, ఆవిడ అడ్డంగా తల ఊపుతున్నారు. ఇక ఈ పిల్ల వల్ల కాదని ఆవిడ చెప్తున్నారనుకున్నాను.

ఇంటికి వస్తుంటే కార్‌లో చెల్లెలు, "ఎవరో కావాలనే కలుపుతున్నారేమో అక్కా" అంది.

"ఆ కెమిస్ట్రీ ఆయనేమో."

"పాపం, రోజూ నాకు డోనట్ తెచ్చిపెడతాడే."

"అందుకే అంటున్నా."

ఆ సాయంత్రం జపం చేసుకుంటుంటే పూస పూసకీ ఒక్కొక్కరి ముఖం వచ్చింది. డైరెక్టర్‌ది, డోనట్ ఆయనది, అన్నిటికంటే ఎక్కువసార్లు మేడమ్‌ది.

మర్నాటి నుంచి మేడమ్ ఆ బల్ల దగ్గరే నిలబడ్డారు. ఎవర్నీ నిలదీయలేదు. ఒకసారికి ఒక్కటే మారుస్తూ వచ్చారు. నీళ్ళ సీసా మార్చారు, గీత వచ్చింది. గ్లవ్స్ డబ్బా మార్చారు, గీత వచ్చింది. బల్ల మార్చినా వచ్చింది. మా చెల్లెలు అన్నం సరిగ్గా తినడం మానేసింది. చివరికి పిపెట్లు మార్పించారు, ఆమెది ఆయనకి, ఆయనది ఆమెకి. ఈసారి చెల్లెలి నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గీత కెమిస్ట్రీ ఆయన నీళ్ళలోకి వెళ్ళింది. ఇప్పుడు దొంగని నేనా అని ఆయన నవ్వబోయి, మేడమ్ ముఖం చూసి మానుకున్నాడు.

ఆవిడ చెల్లెలి పిపెట్ తీసుకుని తడి టిష్యూతో తుడిచారు. పిడి దగ్గర సన్నని సందు ఉంది. అక్కడ టిష్యూకి పచ్చగా అంటింది.

"ఏమిటమ్మా ఇది?" ఆ ల్యాబ్‌లో ఆవిడ నోట తెలుగు వినడం అదే మొదటిసారి.

"పసుపు, మేడమ్."

"ఇక్కడికెలా వచ్చింది?"

"కొత్త పిపెట్ ఇచ్చారు కదా... మొదటిసారి వాడేముందు బొట్టు పెట్టాను. తర్వాత తుడిచేశాను కూడా."

కొత్త కారుకి, కొత్త ఫ్రిజ్‌కి పెట్టినట్టే పెట్టింది. మన ఇళ్ళలో పెరిగిన పిల్లకి అది వేరే ఆలోచించి చేసే పని కాదు. కానీ పసుపూ మొక్కే. గ్లవ్ ఆ సందుని తాకేది, అదే గ్లవ్ ట్యూబు మూతనీ తాకేది. ఇది డైరెక్టర్‌కి ఎలా చెప్తారు? మూఢనమ్మకం అని నవ్వి పంపేస్తారా?

మేడమ్ నవ్వలేదు. "పసుపని నువ్వంటున్నావు. నాకూ అలాగే అనిపిస్తోంది. ఇద్దరం అనుకుంటున్నాం, అంతే. చూపించు" అన్నారు.

మా ఇంట్లోని అదే పసుపు డబ్బా తెమ్మని నాకు చెప్పారు. తీసుకెళ్తే ల్యాబ్ గుమ్మం దాటనివ్వలేదు. వేరే గదిలో పెట్టించి, చేతులు కడుక్కున్నారా అని అడిగారు. కడుక్కున్నానన్నాను. మళ్ళీ కడుక్కోమన్నారు. చెల్లెలితో మాత్రం మెల్లగా, "బొట్టు మీద నాకు కోపం లేదమ్మా. పెట్టుకోవాలనుంటే ఇంట్లో నీ బ్యాగుకి పెట్టుకో. లోపలికి తేకు" అన్నారు.

మూడు ట్యూబులు. ఒకదాన్లో పసుపులోంచి తీసిన డీఎన్‌ఏ, ఒకదాన్లో బొట్టు పెట్టిన పాత పిపెట్‌తో వేసిన నీళ్ళు, ఒకదాన్లో కొత్త పిపెట్‌తో వేసిన నీళ్ళు. అన్నీ చెల్లెలే చేయాలి, ఎవరూ చెయ్యి వేయకూడదు. డైరెక్టర్‌ని కూడా రమ్మన్నారు.

యంత్రం నడుస్తుండగా ఆయన నా పక్కన నిలబడి, నిజానికి మొదటి వారమే ఈ అమ్మాయిని కోర్సులోంచి తీసేద్దామన్నానని చెప్పాడు. మీ మేడమ్ ఒప్పుకోలేదన్నాడు. అజాగ్రత్తగా చేయడం నువ్వు చూశావా, అనుకున్నావా అని ఆయన్నే అడిగారట. అద్దం తలుపు వెనక ఆవిడ అడ్డంగా తల ఊపడం అందుకే. ఆవిడకి మా మీద నమ్మకం లేదు. మా మీద పడ్డ నింద మీద కూడా లేదు. ఆ రెండోదే మా చెల్లెల్ని ఇక్కడ నిలబెట్టింది. ఇవాళ ఆమె బాతెల్‌లో ఒక కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి ల్యాబ్ పని నేర్పుతోంది.

చీకటి గదిలో లైటు వేశారు. పసుపు వరుసలో గీత మెరిసింది. పాత పిపెట్ నీళ్ళలో కూడా, సన్నగా, మెరిసింది. కొత్త పిపెట్ నీళ్ళ వరుసలో ఏమీ లేదు. డైరెక్టర్ ముగ్గురినీ చూసి, అమ్మాయి కోర్సులో కొనసాగుతుంది, ఈ పాత గీతలు గ్రేడులోకి రావు అని చెప్పి వెళ్ళాడు. చెల్లెలు స్టూలు మీద కూలబడి మోచేత్తో ముఖం కప్పుకుంది.

నేను లైటు ఆపబోయాను. మేడమ్ వద్దన్నట్టు తల ఊపారు. ఆవిడ ఎడమ చెయ్యి మా చెల్లెలి భుజం మీద ఉంది. ముఖానికి పెట్టుకున్న ప్లాస్టిక్ ముసుగు వెనక, ఊదారంగు వెలుగులో, ఏమీ లేని ఆ వరుస మీదికి వంగి ఇంకా చూస్తూనే ఉన్నారు.