లైట్‌హౌస్‌కు నేను పుట్టించిన దయ్యం

నేను చేసిన వెధవ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. దీనికి మాత్రం ఒక వ్యాను నిండా బంధువులు, ఒక పొట్టేలు సాక్షులు. చదివాక నవ్వుతారని తెలుసు, నవ్వండి. నేనూ సగందాకా నవ్వుతూనే చెబుతాను. ఆ తర్వాత నా వల్ల కాదు.

మల్లయ్య మామ మా మేనత్త భర్త. త్రిపురారం దగ్గర సాగర్ కాలువ గట్టున నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. అవి మేస్తుంటే ఆయన నీళ్లను చూస్తూ కూర్చునేవాడు. పెళ్లిలో కలిసినా, చావులో కలిసినా నాతో ఒకటే మాట.

"గీ కృష్ణ నీళ్లు ఆఖరికి యాడ కలుస్తయో, జర ఎత్తు మీదికెల్లి ఒక్కసారి సూడాలె అల్లుడా."

నేనప్పుడు మిర్యాలగూడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. నా క్లాసులో ముందు బెంచీలవాళ్లు మర్యాదగా, వెనక బెంచీలవాళ్లు హాయిగా నిద్రపోయేవారు. మామ కోరిక తీరుద్దామని వ్యాను మాట్లాడి, చుట్టాలను ఎక్కించుకుని, కృష్ణ సముద్రంలో కలిసే వైపున్న ఒక పాత లైట్‌హౌస్‌కు తెల్లవారుజామునే బయల్దేరదీశాను. ఇంతవరకు నేను మంచివాణ్నే.

కోదాడలో టీ తాగాక నాలోని లెక్చరర్ లేచాడు. కరెంటు లేని రోజుల్లో అక్కడ నూనెదీపం వెలిగేదని, దాని చుట్టూ ఉన్న పెద్ద అద్దాలను తిప్పే యంత్రానికి గడియారానికిచ్చినట్టు కీ ఇవ్వాల్సి వచ్చేదని, ఆ కీ ఇచ్చే మనిషి కునుకు తీస్తే ఓడలు దారి తప్పేవని చెప్పుకుంటూ పోయాను. అన్నీ నిజాలే. వెనక్కి తిరిగితే వ్యానంతా గురక. మామ ఒక్కడే ముందుకు వంగి వింటున్నాడు.

"మరి ఆయనకు జరం వస్తే ఎట్ల అల్లుడా? గప్పుడు ఎవలు తిప్పుతరు?"

ఎంత చక్కటి ప్రశ్న! నా ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క విద్యార్థీ అడగని ప్రశ్న. దానికి తెలియదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు కావలసింది వినే ఒక్కడు కాదు, మిగిలినవాళ్ల నిద్ర చెడగొట్టడం. గొంతు తగ్గించాను.

"ఆయన భార్య తిప్పిందట మామా. గాలివానల తిప్పుకుంటనే పాణం ఇడిచిందట. గప్పటిసంది ఎవలు మెట్లెక్కినా వెనక ఒక అడుగు ఎక్కువ ఇనవడ్తది. పైదాకా పోయి వస్తే ఇగ వాని నోట్లకెల్లి ఆమెనే మాట్లాడుతది."

గురకలు ఆగిపోయాయి. మామ భార్య లచ్చమ్మత్త సీటు మీద నుంచి లేచింది.

"నిజంగనా అల్లుడా?"

"గాడ బోర్డు మీద రాసుంటదత్తా."

చూశారా, ఎంత సులువుగా అనేశానో! అక్కడి నుంచి తీరం చేరేదాకా నాకు దక్కిన మర్యాద ఏ ప్రిన్సిపాలుకూ దక్కి ఉండదు.

ఇక్కడ అత్త గురించి ఒక ముక్క చెప్పాలి. గొర్రెలు దొడ్లోకి వస్తుంటే ఆమె కళ్లతో లెక్కపెట్టదు, చెవితో లెక్కపెడుతుంది. అటు తిరిగి రొట్టె కాలుస్తూనే "ఒకటి తక్కువొచ్చింది" అన్నదంటే ఒకటి తక్కువే. ఇది తెలిసి కూడా నేను ఆ కథ చెప్పాను.

లైట్‌హౌస్ లోపల గుండ్రంగా తిరిగే మెట్లు. అత్త ముందు, నేను ఆమె వెనక, మామ అందరికన్నా చివర, మొత్తం ఏడుగురం. పది మెట్లెక్కామో లేదో, అత్త చెయ్యి పైకెత్తింది. మంద ఆగినట్టు అందరం ఆగాం.

"ఎక్కేటోళ్లం ఏడుగురం. అడుగులు ఎనిమిది ఇనవడ్తున్నయ్."

"గోడలు గుండ్రంగ ఉన్నయ్ గదత్తా, చప్పుడు తిరిగొస్తున్నది."

"నలభై ఏండ్లసంది చెవుతోనే మందను కాసిన. నాకు చెప్తవా నువ్వు?"

అందరినీ కిందికి దించింది. కొంగు పట్టుకుని గట్టిగా మొక్కేసింది. "తల్లీ, ఎవలవో ఏమో! నా మొక్కు నీకు ముట్టేదాంక మేము నీ మెట్లు తొక్కం, మా ఆయన జోలికి రాకు. నల్లమూతి పొట్టేలును నీకిస్త."

మా వాళ్లలో పొట్టేలును ఇస్తానని మొక్కుకున్నాక ఇక దానికి తిరుగు లేదు. మామ ఒక కాలు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. దాన్ని మెల్లగా తీసి నేల మీద పెట్టాడు.

"మొక్కినంక ఎక్కితె మాట తప్పినట్లయితది. పోనీ తియ్ అల్లుడా."

దయ్యం లేదని రుజువు చేద్దామని ఒక్కణ్నే పైదాకా పరుగెత్తాను. అక్కడి నుంచి "ఏం లేదూ!" అని అరిచాను. కింద మామ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు. అంతే వేగంగా దిగొచ్చి, రొప్పుతూ నిజం చెప్పేశాను.

"దయ్యం లేదు, గియ్యం లేదు! అంతా నేనే పుట్టించిన!"

అత్త మూడడుగులు వెనక్కి వేసింది. "సూసిన్రా? ఎక్కకముందు ఉందన్నడు. ఎక్కొచ్చినంక లేదంటున్నడు. మాట్లాడేది మా అల్లుడు కాదు!"

నా కథ నన్నే పట్టుకుంది. కాదన్నకొద్దీ అందరూ జాలిగా చూశారు. ఎవరో నా నెత్తి చుట్టూ నిమ్మకాయ తిప్పారు. ఈలోగా వాచ్‌మన్ గేటుకు తాళం వేశాడు.

వ్యాను ఎక్కబోతుంటే మామ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "పైకెల్లి నీళ్లు కలిసేకాడ కనవడ్డదా? రంగు మారుతదా గాడ?"

నేను చూడనే లేదు. అంత ఎత్తెక్కి, ఆయన నలభై ఏళ్లు చూడాలనుకున్న వైపు తల కూడా తిప్పలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్న గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

నెల తిరక్కుండా సూర్యాపేట బస్సులో పక్క సీటాయన నా దయ్యాన్ని నాకే చెప్పాడు. ఆయన చెప్పిన కథలో నేను బతకలేదు. ఇక పొట్టేలు సంగతి. కోసి మొక్కు చెల్లిద్దామంటే ఆ దయ్యానికి గుడి లేదు, గద్దె లేదు. "ఆమె నీ మీదనే ఉన్నది గదా, నీ కాడనే కట్టేయాలె" అని అత్త దాన్ని తెచ్చి మిర్యాలగూడలో నా కిరాయి ఇంటి ముందు కట్టేసింది. అది ఇంటి ఓనరు స్కూటరు సీటును, ఒక సెక్షన్ జవాబు పత్రాలను తినేసి, ఎనిమిదేళ్లు నిండుగా బతికి పోయిన ఏడాది పోయింది.

"ఆమె సొమ్ము ఆమెకు ముట్టింది. ఇగ ఎక్కొచ్చు" అని అత్త అప్పుడు ఒప్పుకుంది. మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి మామ, నేను ఇద్దరమే. కానీ ఎనిమిదేళ్లలో మామ మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. పదకొండో మెట్టు దగ్గర గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఎత్తుకుని తీసుకెళ్తానంటే వద్దన్నాడు.

"కూసో అల్లుడా. గా దీపం తిప్పినాయన ముచ్చట చెప్పు. అసలుది."

చెప్పాను. ఒక్క ముక్క కలపకుండా, నూనె దగ్గర నుంచి కీ దాకా చెప్పాను. పైన ఎవరో నడుస్తున్నారు, చప్పుడు గోడల మీద తిరిగి ఇద్దరు నడుస్తున్నట్టు వినిపిస్తోంది. మామ తలెత్తి విని నవ్వాడు.

"ఆమె నిజంగ ఉన్నా బాగుండు. నా బదులు పైకి పోయి సూసొచ్చేది."

కాబట్టి పాఠకులారా, ఆ పదకొండో మెట్టు మీద చెయ్యి పెట్టి, కీర్తిశేషుడైన నల్లమూతి పొట్టేలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎంతమంది గురక పెట్టినా, వినే ఆ ఒక్కడి కోసం ఉన్నదున్నట్టే చెబుతాను. ఇప్పుడు నా క్లాసులో మూడు వరుసలూ నిద్రపోతున్నాయి. నేను ఎవరినీ లేపడం లేదు.