ఇరవై దాటని వోల్టేజీ

అది 2022 జూలై. హిందూపురంలో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే చిన్న అంగడి నాది. చదువు పదో తరగతితో ఆగింది. మిగతా లెక్కలన్నీ పాత పుస్తకాలు, కాలిన బోర్డులు నేర్పినవే.

ధర్మవరం నేతగాడు గంగన్న అప్పుడే ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టించుకున్నాడు. చీర అంచులో బొమ్మ రావడానికి ఏ పోగు లేవాలో చిన్న చిన్న అయస్కాంతాలతో తేల్చే యంత్రం అది. కరెంటు పోతే పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడవాలని నాచేత బూస్ట్ కన్వర్టర్ చేయించుకున్నాడు. కాయిల్‌లో కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతూ వోల్టేజీని పెంచే సర్క్యూట్ ఇది. కావలసింది 24 వోల్టులు, 3 ఆంపియర్లు.

నా బల్ల మీద నిలకడగా 24 ఇచ్చేది. గంగన్న ఇంట్లో 20 దాటేది కాదు. అయస్కాంతాలు సగమే లాగేవి, అంచులో హంసలకు మెడలు తెగిపోయేవి. రెండుసార్లు వెనక్కి తెచ్చాడు. ఒకసారి కాయిల్, ఒకసారి వోల్టేజీని నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు మార్చాను. రెండుసార్లూ బల్ల మీద 24 వచ్చింది.

మూడోసారి ఫోన్ చేశాడు. "ఏమప్పా, నీ అంగట్లో ఇరవై నాలుగు, మా ఇంటికొస్తే ఇరవయ్యా? దీనికి మా ఊరి నీళ్లు పడలేదా ఏంది? శుక్రవారానికి పెళ్లికూతురి చీర మగ్గం దిగకుంటే షావుకారు ఆ పని ఇంకో మగ్గానికి ఇచ్చేస్తాడంట!"

బుధవారం మీటరు సంచిలో వేసుకుని రైలెక్కాను. పెనుకొండ దాటినా కాగితం మీద లెక్క వేస్తూనే ఉన్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

బ్యాటరీ మీద మగ్గం ఆడుతుండగా కన్వర్టర్‌కు కరెంటు వచ్చే చోట కొలిచాను. ఏడే వోల్టులు!

"బ్యాటరీ యాడ పెట్టినారు?" అన్నాను.

"పెరట్లో కొట్టం కింద, అన్నా," అంది గంగన్న భార్య సుబ్బమ్మ. "మగ్గం కాడ ఎవురన్నా పెడతారా? ఆసిడ్ ఆవిరికి జరీ నల్లగైతాది."

నేతవాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన జాగ్రత్త. తెలియనిది నాకే. బ్యాటరీ దగ్గర 12.5, పదిహేను మీటర్ల సన్న వైరు దాటాక 7. కరెంటు 8 ఆంపియర్లు. అంటే అందుతున్నది 56 వాట్లు, కావలసింది నష్టంతో కలిపి 80. ఎనిమిది దాటితే బోర్డు కాలుతుందని నేను పెట్టిన కరెంట్ లిమిట్ అక్కడే ఆపేస్తోంది. బోర్డులో తప్పేమీ లేదు.

"అట్లయితే లావు వైరు తేవల్లా?" అన్నాడు గంగన్న.

"ఏమీ వద్దు. కన్వర్టర్ పెట్టెను బ్యాటరీ పక్కకు మారుద్దాం."

వోల్టేజీ పెరిగాక అదే వైరులో పోయేది మూడు ఆంపియర్లే, దారిలో తగ్గేది రెండు వోల్టులే. ఆ రెండూ ముందే కలిపి 26కు సరిచేశాను. మగ్గం దగ్గర మీటరు 23.9 చూపింది.

మెయిన్ ఆపి మగ్గం ఆడించాడు గంగన్న. నాలుగు వేళ్ల అంచు నేసి వంగి చూశాడు.

"మెడొచ్చిందే సుబ్బీ! హంసకు మెడొచ్చింది!"

"అరవద్దబ్బా, ఎగిరిపోతాది," అంది సుబ్బమ్మ నవ్వుతూ.

శుక్రవారం పొద్దున చీర దిగింది. ఆ పెళ్లికే ఇంకో రెండు చీరలు కూడా షావుకారు గంగన్న మగ్గానికే ఇచ్చాడు.

రెండడుగుల వైరుతో పరీక్షించి అంతా సరిగ్గా ఉందనుకోవడం నా తప్పు. ఇప్పుడు ఎవరు కన్వర్టర్ అడిగినా, బ్యాటరీకి మిషన్‌కు మధ్య ఎన్ని మీటర్లని ముందు అడుగుతాను. అంత వైరూ కట్టి, పూర్తి లోడు మీద చూశాకే ఇస్తాను. కొందరు విసుక్కుంటారు. అయితేనేం, ఆ ఫిర్యాదుతో ఒక్క పెట్టె కూడా మళ్లీ నా బల్ల ఎక్కలేదు.