విమానమెక్కిన చెక్క ఇల్లు

కిటికీలు, తలుపులు తయారుచేసే కార్ఖానాలో ఆయన ఇరవై ఆరేళ్లు వడ్రంగిగా పనిచేశాడు. అక్కడ అందరూ ఆయన్ని మిల్లీమీటరు మేస్త్రి అనేవారు. తలుపు రెక్కకీ చట్రానికీ మధ్య పోస్టుకార్డు దూరిందంటే చాలు, దాన్ని ఊడదీసి మళ్లీ చిత్రిక పట్టేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. ఆయన యాభై మూడో ఏట ఆ కార్ఖానా చెక్కపని మానేసి అల్యూమినియంలోకి దిగింది. మిగతావాళ్లలో కొందరు కొత్తపని నేర్చుకున్నారు. మేస్త్రి మాత్రం తన ఉలులూ చిన్న చిత్రికా సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు.

ఇంట్లో కూర్చున్న మొదటి నెలలో వంటగది అరలు రెండుసార్లు సరిచేశాడు. మూడోసారి టేపు పట్టుకుని రాగానే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది, మాట కూడా కత్తెరలాగే ఉంటుంది.

"ఇదివరకు కళ్లు మూసుకుని ఉప్పు డబ్బా తీసేదాన్ని. మీరు సర్దినప్పటి నుంచీ కళ్లు తెరిచి వెతికినా దొరకట్లేదు. మీ చేతులకి ఇంకేదన్నా పని చూసుకోండి, మహానుభావా."

అలా ఆయన బాల్కనీకి మారాడు. అరల పనిలో మిగిలిపోయిన పలకలతో భార్య చెల్లెలి కూతురికి ఒక బొమ్మరిల్లు చేశాడు. రెండంతస్తులు, పదమూడు మెట్లు, గోరంత గొళ్లాలతో నిజంగా తెరుచుకునే తలుపులు. ఆ మరదలు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. కొత్త వస్తువు కనిపిస్తే ఫోటో తీయకుండా ఉండలేని మనిషి. ఆ ఇంటి ఫోటోలు ఇంటర్నెట్లో అమ్మకానికి పెడదామని పట్టుబట్టింది. ఊళ్లోనే ఇద్దరు ముగ్గురు కొన్నారు. దాంతో ఆమెకు ఉత్సాహం వచ్చింది.

"బావా, బయటి దేశాలకు కూడా అమ్ముతామని పెట్టేస్తున్నా. పంపడానికి ఎంతవుతుందో ఇక్కడ రాయాలట. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వట్లేదు. ఎంత వెయ్యను?"

మేస్త్రి ఇంటిని రెండు చేతులతో ఎత్తి చూశాడు. "రెండు కిలోలుంటుంది, అంతే. ఇక్కడ తీసుకునేదానికి మూడింతలు వెయ్యి. అదే ఎక్కువ."

ఆమె వేసేసింది. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ ఒక చెక్కని కూడా ఉజ్జాయింపుగా కొయ్యని మనిషి ఆ పూట ఉజ్జాయింపుగా లెక్క చెప్పాడు.

నాలుగు నెలల తర్వాత ఎక్కడో దూరదేశం నుంచి ఆర్డరు వచ్చింది. కొన్నావిడ ఒక పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తుంది. జబ్బు వల్లో దెబ్బ తగలడం వల్లో మాట పడిపోయిన పిల్లలకు మళ్లీ మాటలు నేర్పడం ఆమె ఉద్యోగం. ఆమె పంపిన సందేశాన్ని మరదలు చదివి తెలుగులో చెప్పింది: "మేము చూసిన బొమ్మరిళ్లన్నిటికీ తలుపులు రంగుతో గీసినవే. మీ ఇంటి తలుపులు తెరుచుకుంటున్నాయి. లోపల ఎవరున్నారని అడిగితే మా పిల్లలు చెప్పాలి. అందుకే ఇదే కావాలి."

మేస్త్రి ఆ మాటలు రెండోసారి చదివించుకున్నాడు. ఐదు వారాలు కూర్చుని, అంతకుముందు చేసినవాటికంటే శ్రద్ధగా ఆ ఇల్లు పూర్తిచేశాడు. పెట్టెలో నలువైపులా మెత్తటి కాగితం కుక్కి, మంచి చొక్కా తొడుక్కుని, విదేశాలకు పార్సిళ్లు పంపే ఆఫీసుకు వెళ్లాడు.

కౌంటరులో అమ్మాయి పెట్టెని తూకం మీద పెట్టింది. "రెండు కిలోల నాలుగు వందల గ్రాములు" అంది. మేస్త్రి తృప్తిగా తలూపాడు. అప్పుడామె టేపు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలవడం మొదలుపెట్టింది.

"కొలతలెందుకమ్మా? బరువు చూశావుగా."

"సైజుని బట్టి కూడా బరువు కడతారండీ. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మీ పెట్టె పద్నాలుగు కిలోల కింద లెక్క."

"పద్నాలుగా! లోపలున్నదంతా గాలేనమ్మా."

"గాలైనా విమానంలో అంత చోటూ పడుతుంది కదండీ."

ఆమె తెర ఆయనవైపు తిప్పింది. సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో అనుకున్నాడాయన. మళ్లీ చూడమన్నాడు. మళ్లీ అదే. ఇల్లు అమ్మిన ధరా, పంపడానికని తీసుకున్నదీ కలిపినా ఆ అంకెకు చాలదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. "ఇంకోసారి వస్తానమ్మా" అని పెట్టె ఎత్తుకున్నాడు.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుంటే ముందున్నదేమీ కనపడలేదు. పెట్టెకి కూడా టికెట్టు కావాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాడు కండక్టరు. గాలికి డబ్బులడగని బండి ఇదొక్కటే అనుకున్నాడు మేస్త్రి.

సంగతి తెలిసి మరదలు పరుగెత్తుకొచ్చింది. కళ్లనిండా నీళ్లు. "నేను కనుక్కుని వెయ్యాల్సింది బావా. తప్పు నాది."

"నువ్వు అడిగావు, నేను చెప్పాను. కొలవకుండా చెప్పింది నేను."

"తప్పు పంచుకోవడం తర్వాత. ముందు ఆవిడకి ఉన్నదున్నట్టు రాయండి" అంది భార్య.

రాశారు. మర్నాడే జవాబొచ్చింది. ఆసుపత్రి వాళ్లు అంతవరకే మంజూరు చేశారట. వచ్చే ఏడాది దాకా ఇంకొంచెం అడగడానికి లేదట. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. డబ్బు తిరిగి పంపేయండి, చాలు. మీ గురించి చెడ్డగా ఏమీ రాయను" అని ముగించింది.

భార్య నిట్టూర్చింది. "నాలుగు తిట్టినా బాగుండేది."

మరదలు నెమ్మదిగా అంది: "విడివిడిగా పంపితేనో? ఈమధ్య మంచాలు కూడా పలకల్లాగే వస్తున్నాయి. కొన్నవాళ్లే బిగించుకుంటున్నారు."

మేస్త్రి ముఖం మాడ్చుకున్నాడు. "జిగురు పెట్టకుండా బిగించేదీ ఒక బిగింపేనా? నాలుగు రోజుల్లో వదులైపోదూ? నా చేతి పనని ఎలా చెప్పుకోను?"

రెండు రోజులు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన అన్నం తింటున్నాడు, పడుకుంటున్నాడు, బాల్కనీలోకి మాత్రం వెళ్లట్లేదు. మూడోరోజు టీ తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పెద్ద పెద్ద కిటికీ చట్రాలు ఇరుకు మెట్ల మీదుగా పైకి ఎక్కేవి కావు. విడి కర్రలుగా మోసుకెళ్లి, పైన గాడిలో దూర్చి, అడ్డంగా చెక్క సీల కొట్టేవారు. అందులో జిగురు చుక్క ఉండేది కాదు. అవి ఏళ్ల తరబడి వానకీ గాలికీ నిలబడ్డాయి. కొట్టింది తన చేతులే.

"కొంచెం ఆగమని ఆవిడకి రాయవే" అని మరదలికి ఫోన్ చేశాడు. టీ గ్లాసు సగంలోనే ఉండిపోయింది.

జిగురు లేకుండా, ఊడదీసి బిగించేట్టు ఇంకో ఇల్లు మొదలుపెట్టాడు. గోడలూ కప్పూ తేలిగ్గానే కుదిరాయి. మెట్లు ఏడిపించాయి. పలచటి పెట్టెలో ఎలా పడుకోబెట్టినా లేచి నిలబడేవి. చివరికి పక్కపలకలు రెండింటికీ పదమూడేసి గాళ్లు తీసి, మెట్లని సొరుగుల్లా జారేట్టు చేశాడు. ఆ గాళ్లకే తొమ్మిది రోజులు పట్టింది.

"ఇక మీరు నోరు మెదపకూడదు" అని మరదలు షరతు పెట్టి, కొత్తవాళ్లు బిగించగలరో లేదో చూద్దామని ముక్కలన్నీ తన అక్క ముందు పోసింది. అక్క చేతిలో మేస్త్రి గీసిన బొమ్మల కాగితం తప్ప ఏమీ లేదు. భార్య అరగంటలో నేలా వెనకగోడా నిలబెట్టింది. తర్వాత ఎడమగోడ తీసుకెళ్లి కుడివైపు దూర్చబోయింది. మేస్త్రి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అట్లా గుడ్లురమకండి. రెండూ కవల పిల్లల్లా ఉంటే నాకేం తెలుస్తుంది? ఆ ఊళ్లో ఆవిడకి మాత్రం ఏం తెలుస్తుంది?"

ఆ మాట నిజమే. ఆయన ఎడమగోడ అంచున ఒక చుక్క, కుడిగోడ అంచున రెండు చుక్కలు తొలిచాడు. రెండోసారి ఆమె ఇరవై నిమిషాల్లో కప్పు ఎక్కించి, తలుపు తెరిచి లోపలికి చూసి, "బాగుంది" అంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె నోట ఆ మాట వినడం తక్కువ. మేస్త్రి వంగి రంపంపొట్టు ఊడ్చాడు.

ఈసారి పెట్టె బెత్తెడు మందాన పలచగా ఉంది. కౌంటరులో అమ్మాయి కొలిచి, మూడున్నర కిలోల కింద లెక్క కట్టింది. తీసుకున్న డబ్బుకంటే ఇంకా కొంచెం ఎక్కువే అయింది. ఆ తేడా తన చేతినుంచి వేసుకున్నాడు. మాట తనది కాబట్టి అది ఆయనకు బాధ అనిపించలేదు.

మూడు వారాలకు సందేశం వచ్చింది. మరదలు షాపు నుంచి దారిలోనే చదువుకుంటూ వచ్చింది. మాటలు నేర్పే ఆవిడ ఇల్లు తను బిగించి పెట్టాలనుకుందట. పిల్లలు ఊరుకోలేదట. ఇప్పుడు ముక్కలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి, ఎవరికి ఏ ముక్క కావాలో వాళ్లు నోరు తెరిచి అడగాలి. గోడ, మెట్టు, కప్పు. ఏడు వారాలుగా పలకని ఒక పాప "తలుపు" అందట. రోజూ సాయంత్రం ఊడదీసి, పొద్దున్నే మళ్లీ కడుతున్నారట.

మేస్త్రి బాల్కనీలోకి వెళ్లి ఇంకో పలక చేతిలోకి తీసుకున్నాడు.

ఇప్పుడాయన నెలకు రెండు ఇళ్లు చేస్తాడు, అన్నీ ఊడేవే. ఏ దేశానికి ఎంతవుతుందో ముందే కౌంటరుకి వెళ్లి కనుక్కున్నాకే మరదలు ధర రాస్తుంది. ఈమధ్య ఆసుపత్రి ఆవిడ ఇంకో సంగతి రాసింది. చక్రాల కుర్చీలో ఉన్న ఒక అబ్బాయి, ఈ ఇంట్లో నేను పైకెలా వెళ్లాలని అడిగాడట. ఏటవాలు దారి పెడితే ఇంటికంటే పొడుగొస్తోంది. అందుకని మేస్త్రి దారంతో, భార్య కుట్టు డబ్బాలో దొరికిన గుండీతో చిన్న లిఫ్టు కడుతున్నాడు. పైకి బాగానే వెళ్తోంది. దిగేటప్పుడు మధ్యలో ఇరుక్కుంటోంది.